పారదర్శక రక్షణ ఫలకం

ఫొటోకి అద్దం బిగించడం ఎంతసేపటి పనో నాకు తెలుసు. మా పట్నం మెయిన్ రోడ్డులో మస్తాన్ వలీ కొట్టు ముందు నిలబడితే, మనం టీ తాగడం పూర్తయ్యేలోపు కొలత తీసి, గాజు కోసి, వెనక అట్ట పెట్టి, మేకులు దిగ్గొట్టి చేతికిచ్చేస్తాడు. అదే పనికి మా ఆఫీసుకి రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. ఆ కాలమంతా సమావేశాల మినిట్స్ రాసింది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

నా పేరు శేషారత్నం. జిల్లా ఛాయాచిత్ర ప్రదర్శనశాలలో సీనియర్ అసిస్టెంటుని. ప్రదర్శనశాల అనగానే పెద్దగా ఊహించుకోకండి. గోదావరి పాయ గట్టున, ఒకప్పుడు లాకుల సామాన్లు పడేసుకున్న గోడౌను అది. దానికి సున్నం కొట్టి, బయట బోర్డు పెట్టి, మాకు అప్పగించారు. బోర్డు పెట్టిన మూడేళ్ళకి గానీ లోపల పెట్టడానికి ఫొటోలు దొరకలేదు.

దొరికినవి బొడ్డేటి నాగభూషణం గారివి. ఆయన నలభై ఏళ్ళు స్టూడియో నడిపారు. పెళ్ళిళ్ళకీ పాస్‌పోర్టులకీ ఫొటోలు తీసి పొట్ట పోసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా సైకిలెక్కి రేవులకి పోయి పడవవాళ్ళనీ, వలలు బాగుచేసుకునేవాళ్ళనీ, లంకల్లో పొగాకు కోసేవాళ్ళనీ తీసేవారు. తీయమని ఎవరూ అడగలేదు, తీశాక ఎవరూ కొనలేదు. వాటిలో ముప్ఫై రెండింటిని నలుపు తెలుపుల్లో పెద్దవి చేసి దాచుకున్నారు. నెగటివులన్నీ ఒక వరదలో పోయాయి. ఇక మిగిలింది ఆ ముప్ఫై రెండు కాగితాలే. డెబ్భై ఆరో ఏట, చూపు మందగించాక, వాటిని తెచ్చి మా బల్ల మీద పెట్టారు.

"ఇందులో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా తమ ఫొటో తాము చూసుకోలేదమ్మా. వాళ్ళో, వాళ్ళ పిల్లలో వచ్చి చూసుకుంటే నాకంతే చాలు," అన్నారు.

మస్తాన్ వలీ ఆ ముప్ఫై రెండింటికీ మామూలు గాజు వేసి ఫ్రేములు కట్టాడు. ఫొటో గాజుకి అంటుకోకుండా చుట్టూ మందపాటి అట్ట మౌంటు పెట్టాడు. గోడలకి తగిలించాం. పదకొండు రోజులపాటు జనం వచ్చారు. లంక గ్రామాల నుంచి పడవల్లో దిగి, తడికాళ్ళతో లోపలికొచ్చి, "మా తాత", "మా మేనత్త" అని వేళ్ళు పెట్టి చూపించుకున్నారు. ఫొటోలకి ఫొటోలు తీయరాదని మేం ముందే బోర్డు పెట్టాం కాబట్టి ఎవరూ సెల్‌ఫోన్లు పైకెత్తలేదు. ఆ పదకొండు రోజులూ మా సంస్థ చరిత్రలో ఏ నిబంధనా పాటించకుండా పని సవ్యంగా జరిగిన రోజులు.

పన్నెండో రోజున రాజధాని నుంచి అదనపు కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. అన్నీ దాటుకుంటూ వచ్చి ఏడో నంబరు ఫొటో ముందు ఆగారు. అందులో ఐదుగురు పడవవాళ్ళు రేవులో నిలబడి ఉంటారు. కమిషనర్ గారు దాన్ని నిమిషంసేపు తదేకంగా చూశారు. చూసి, జేబులోంచి దువ్వెన తీసి, జుత్తు సవరించుకుని, దువ్వెన మళ్ళీ జేబులో పెట్టుకుని కారెక్కారు. తనిఖీ దివ్యంగా జరిగిందని మా డిప్యూటీ డైరెక్టర్ మార్కండేయులు గారు అందరికీ పూతరేకులు తెప్పించారు.

పది రోజులకి తాఖీదు వచ్చింది. దాన్ని నేనే పైకి చదివి వినిపించాను.

"ప్రదర్శిత వస్తువు సంఖ్య 7ను పరిశీలించుచుండగా, ఆమోదిత జాబితా ప్రకారము ఐదుగురు వ్యక్తులు ఉండవలసిన చోట ఆరుగురు ఉండుట గమనించడమైనది. ఆరవ వ్యక్తి దిగువ సంతకము చేసినవారే అయి ఉండుట మిక్కిలి విచారకరము. తనిఖీ అధికారులు ఛాయాచిత్రములలో కనిపించకుండునట్లును, ఛాయాచిత్రములకు తగిన రక్షణ కలుగునట్లును చర్యలు గైకొని నివేదించవలెను. రక్షణలో ఏ లోపము సంభవించినను సంబంధిత అధికారి వ్యక్తిగతముగా బాధ్యులగుదురు."

మార్కండేయులు గారు చెడ్డ మనిషి కాదు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోని మనిషి. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. ఆ కాగితంలో ఆయనకి రెండు మాటలే కనిపించాయి. ఒకటి 'తగిన'. రెండోది 'వ్యక్తిగతముగా'. తగినది ఏదో తెలిస్తే వ్యక్తిగతంగా బయటపడొచ్చని, తెలుసుకోవడానికి ఒక సంఘం వేశారు.

సంఘంలో ఆయన అధ్యక్షులు. సభ్యులు ఇద్దరు. ఒకరు ప్రభుత్వ భవనాలు చూసే సహాయ ఇంజనీరు త్రిమూర్తులు గారు, రెండోవారు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే డాక్టర్ హైమవతి గారు. నాగభూషణం గారిని తీసుకోలేదు. ఫొటోలు తీసినాయనకి ఫొటోల మీద మమకారం ఉంటుంది గనక నిష్పక్షపాతంగా ఉండలేరని రాయించారు. మస్తాన్‌కి గాజు గురించి ముందే తెలుసు గనక అతనూ పనికిరాలేదు.

మొదటి సమావేశం మొత్తం ఒక్క మాట మీద నడిచింది. తప్పెక్కడ జరిగిందో త్రిమూర్తులు గారు ఫైలు తిరగేసి పట్టుకున్నారు. మా ఆర్డరులో "ఫొటోలకు అద్దాలు బిగించుట" అని ఉంది. అద్దం అని రాసి తెప్పించుకున్నాక అందులో మొహం కనపడిందని బాధపడడం న్యాయం కాదన్నారు. హైమవతి గారు కూడా ఔనన్నారు. ఇకమీదట ఆ పదం వాడకూడదనీ, దాని స్థానంలో 'పారదర్శక రక్షణ ఫలకము' అనాలనీ తీర్మానమైంది. అంత పొడుగు పలకలేక వారం తిరక్కుండా ఆఫీసులో అందరూ పారఫ అనడం మొదలుపెట్టారు.

రెండో సమావేశానికి మస్తాన్‌ని సాక్షిగా పిలిచారు. పారఫ అంటే ఏమిటో అతను నన్ను చెవిలో అడిగాడు. గాజేనని, కానీ అలా అనకూడదని చెప్పాను. అతను తల ఊపి, సంఘం ముందు నిలబడి తనకి తెలిసింది చెప్పాడు.

"అయ్యా, ఫొటోకీ దానికీ మధ్య మౌంటు ఉండాలి, అదుంది. ఎండ సూటిగా తగలకూడదు, ఆ పడమటి కిటికీకి తెర కట్టండి. మొహాలు కనపడతన్నాయంటే ఎదురుగా ఉన్న ట్యూబులైటు వల్లండి, దాన్ని పక్కకి జరిపించండి. ఇంకా జాగ్రత్త కావాలంటే ఎండ కిరణాలు ఆపే గాజు వేరే ఉందండి, తెప్పిస్తాను. ఇంకేం లేదండి."

 ట్యూబులైటు పక్కకి జరిపితే సరిపోయేదానికి రాష్ట్ర స్థాయి నుంచి తాఖీదు ఎందుకొస్తుందని త్రిమూర్తులు గారు అడిగారు.  "సాక్షి విషయ తీవ్రతను గ్రహించినట్లు కనపడలేదు" అని నా చేత రాయించి అతన్ని పంపేశారు.

తరవాత సంఘం ప్రతిబింబమే పడని గరుకు గాజు తెప్పించింది. మంచిదే అది, ఫొటోకి ఆనించి పెడితే. మౌంటు వల్ల మధ్యలో సందు ఉండేసరికి ఫొటోలన్నీ ఆవిరి పట్టినట్టు అయిపోయాయి. త్రిమూర్తులు గారు ప్రతి ఫ్రేము ముందూ నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తను కనపడడం లేదని ధ్రువీకరించారు. వస్తువు కూడా కనపడడం లేదని హైమవతి గారు అన్నారు గానీ, తాఖీదులో దాని ప్రస్తావన లేదు.

ఓలేటి వీరకాంతం మొదటిసారి వచ్చింది ఆ వారంలోనే. చింతావారి లంక నుంచి పడవ, ఆటో, ఆ తరవాత నడక. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. తొలి పదకొండు రోజుల్లో వచ్చి వెళ్ళినవాళ్ళెవరో ఏడో నంబరులో ఆమె భర్త ఉన్నాడని చెప్పారట. ఆయన పడవ నడిపేవాడు. ముప్ఫై దాటకుండానే జ్వరంతో పోయాడు. ఆయన ఫొటో ఆమె దగ్గర ఒక్కటి కూడా లేదు. కొడుక్కి తండ్రి మొహం తెలియదు.

ఆమె ఏడో నంబరు ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఐదు నీడలు, వెనకాల ఇంకో పెద్ద నీడ. అది పడవ కావచ్చు.

"మంచు పట్టేసిందండి. ఎండెక్కితే తేటపడద్దేమో, కూకుంటానండి," అంది.

మధ్యాహ్నం మూడింటి దాకా బెంచీ మీద కూర్చుని, ఆఖరి పడవ పోతుందని లేచి వెళ్ళింది. నేను ఆమెకేమీ చెప్పలేదు. మినిట్స్ రాసేవాళ్ళకి చెప్పే అధికారం ఉండదని అప్పట్లో నమ్మేదాన్ని.

మూడో సమావేశంలో హైమవతి గారు కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల గురించి చెప్పారు. అవి రోజూ కొంచెం కొంచెంగా ఫొటోని తినేస్తాయనగానే మార్కండేయులు గారి మొహం పాలిపోయింది. ఇంతకాలం కనపడే శత్రువునే ఎదుర్కొన్నామనీ, ఇక కనపడనివాడి పని పట్టాలనీ తీర్మానించారు. ఈసారి గాజు కాదు, ఆ కిరణాలని ఆపే యాక్రిలిక్ షీట్లు. తేలిగ్గా ఉన్నాయి, తేటగానూ ఉన్నాయి. ఫొటోల్లో జనం మళ్ళీ కనపడ్డారు. నాగభూషణం గారు వచ్చి చూసి, ఇక చాలు బాబూ ఇలా వదిలేయండి అని దండం పెట్టారు.

వదిలేసేవాళ్ళమేమో. కానీ ప్రతి ఉదయం ఫలకాలన్నిటినీ పొడిగుడ్డతో గట్టిగా తుడవాలని మార్కండేయులు గారు ఆదేశం జారీ చేశారు. యాక్రిలిక్‌ని పొడిగుడ్డతో రుద్దితే దానిలో స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మునంతా లాక్కుంటుంది. మా పక్కవీధిలో ధాన్యం మిల్లు ఉంది. ఎంత తుడిస్తే అంత ఊకదుమ్ము వచ్చి పట్టింది, ఎంత పడితే అంత తుడిపించారు. స్థిర విద్యుత్తు మీద హైమవతి గారు ముప్పావుగంట చక్కని ఉపన్యాసం ఇచ్చారు. అది కొనడానికి ముందు ఎందుకివ్వలేదని అడిగితే, అజెండాలో లేదన్నారు.

ఆ నెలలోనే వీరకాంతం రెండోసారి వచ్చింది. ఏడో నంబరులో ఐదుగురికీ ఊక గడ్డాలు దట్టంగా పెరిగి ఉన్నాయి.

"మా ఆయన గడ్డం పెంచేవోడు కాదండి," అంది నెమ్మదిగా. తప్పు తనదేమో అన్నట్టు. వేరేవాళ్ళ ఫొటో ముందు నిలబడ్డానేమోనని పక్కవాటిని కూడా చూసి వెళ్ళింది.

దుమ్ము సంగతి తేలకుండానే త్రిమూర్తులు గారు అసలు ప్రమాదాన్ని ముందుకు తెచ్చారు. కిరణాలూ దుమ్మూ సరే, పైనుంచి ఏదైనా బలంగా పడితే ఏం గతి అన్నారు. మన జిల్లాలో ఒక వస్తువు మీద పడడానికి ఎక్కువ అవకాశమున్న బరువైన పదార్థం కొబ్బరికాయ అని లెక్కలతో నిరూపించారు. ప్రదర్శనశాలకి స్లాబు ఉంది కదా అని నేను మాట జారాను. స్లాబు తమ శాఖే వేసిందని, దాన్ని నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోలేమని ఆయన నిజాయితీగా చెప్పారు.

కొబ్బరికాయకి తట్టుకునే టఫెన్డ్ గాజు వచ్చింది. దాన్ని పరీక్షించాలి. పరీక్షకి పంతొమ్మిదో నంబరు ఫొటో ఎంపికైంది. పొగాకు కాల్చే బేరను గోడకి చేరబడి ఒక ముసలమ్మ నోరారా నవ్వుతున్న ఫొటో అది. ఫ్రేముని నేల మీద పరిచారు. త్రిమూర్తులు గారు స్టూలెక్కారు. నాగభూషణం గారు ఈ సంగతి తెలిసి పరుగున వచ్చారు. కనీసం ఫొటో బయటికి తీసి పరీక్ష చేసుకోమని బతిమాలారు.

"ఫొటో తీసేస్తే, గాజు దేన్ని కాపాడిందో ఎలా తెలుస్తుందండి?" అన్నారు త్రిమూర్తులు గారు స్టూలు మీద నుంచి.

మొదటి కాయ పగిలింది, గాజు నిలిచింది. అందరం తలో ముక్కా తిన్నాం. రెండో కాయకీ నిలిచింది. పరీక్ష అక్కడితో ఆపితే గాజు ఎంతకి తట్టుకోలేదో తేలదని, తేలేదాకా వేయాలని నియమావళిలో ఉందన్నారు. ఐదో కాయకి తేలింది. గాజు పెళ్ళున పగిలి వేల పలుకులైంది. కాయ ముసలమ్మ నవ్వు మీద పడి కాగితం అడ్డంగా చీరుకుపోయింది.

 నాగభూషణం గారు గచ్చు మీద కూర్చుని గాజు పలుకుల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. మస్తాన్ వచ్చి ఆయన చేతులు పట్టుకుని పక్కకి జరిపి, తను ఏరాడు. పలుకులన్నీ తీశాక చీలిన రెండు ముక్కల్నీ దగ్గరికి చేర్చి చూశారు ఇద్దరూ. కలిశాయి గానీ నవ్వు కలవలేదు. పెద్దాయన లేచి మార్కండేయులు గారి గదిలోకి వెళ్ళారు.

"నా ఫొటోలు నాకిచ్చేయండి బాబూ. ఇంట్లో మంచం కింద పెట్టుకుంటాను."

మార్కండేయులు గారికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆయన రెండు రకాల ఫారాలు తీసి చూపించారు. విరాళంగా వచ్చిన వస్తువుని తీసుకోవడానికి ఫారం ఉంది. తిరిగి ఇవ్వడానికి లేదు. కొత్త ఫారం కోసం రాజధానికి రాస్తానని మాటిచ్చారు. రాశారు కూడా. కొత్త ఫారం కోరడానికి వాడవలసిన ఫారం ఏదని అక్కడి నుంచి జవాబు వచ్చింది.

ప్రమాదం మీద విచారణ సంఘమే జరుపుకుంది. మూడు గంటల చర్చ తరవాత నా చేత రాయించిన తీర్మానం ఇది.

"ఫలకము పగిలినంత మాత్రమున ఎట్టి నష్టమూ లేదు. ఛాయాచిత్రము ఫలకము వెనుక ఉండుట వలననే నష్టము వాటిల్లినది. కావున ఫలకముల వెనుక ఛాయాచిత్రములు ఉంచకుండుట అత్యుత్తమ రక్షణగా గుర్తించడమైనది."

రాస్తున్నప్పుడు నా చెయ్యి ఒకసారి ఆగింది. ఎవరైనా నవ్వుతారేమోనని తలెత్తి చూశాను. ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నారు. ఒక చిక్కు ప్రశ్నకి జవాబు దొరికిన మొహాలవి.

ముప్ఫై ఒక్క ఫొటోలూ, చీలిన రెండు ముక్కలూ రికార్డు గదిలో స్టీలు అల్మారాలోకి వెళ్ళాయి. గోడల మీద ముప్ఫై రెండు ఖాళీ ఫ్రేములు, వాటికి దేశంలో దొరికే గాజుల్లోకెల్లా మేలైనది. కొబ్బరికాయకి పగలదు, కిరణాల్ని రానివ్వదు, ప్రతిబింబం చూపదు. అది ఎంత తేటగా ఉందంటే అక్కడ గాజు ఉందని ఎవరికీ తెలియలేదు. జనం వేలు పెట్టి పొడిచి చూస్తున్నారని, ప్రతిదాని పక్కనా "ఇచట పారఫ కలదు" అని చీటీ అంటించాం.

ఇదంతా ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని నేను భయపడ్డాను. తెలిసింది. ఏడాది పొడుగునా ఒక్క ప్రదర్శిత వస్తువుకీ నష్టం జరగని ఏకైక సంస్థగా మాకు రాష్ట్ర స్థాయి బహుమతి వచ్చింది. పక్క జిల్లాల నుంచి అధికారులు జట్లు జట్లుగా శిక్షణకి వచ్చి ఖాళీ ఫ్రేముల ముందు నోట్సు రాసుకున్నారు. మన్నికకి కారణమేమిటని ఒకాయన అడిగితే, మార్కండేయులు గారు చేతులు వెనక్కి కట్టుకుని, సమగ్ర దృక్పథం అన్నారు.

వీరకాంతం మూడోసారి వచ్చినప్పుడు ఆ శిక్షణ జట్టు ఒకటి హాల్లో ఉంది. వాళ్ళ వెనకాల నిలబడి ఏడో నంబరుని చూసింది. అందులోంచి వెనక గోడ చక్కగా కనపడుతోంది.

"గోడ బాగుందండి," అంది నాతో. "ఆళ్ళేరండి?"

అల్మారాలో ఉన్నారని చెప్పాను. చూడాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో భర్త పేరు రాయాలి. ఆ పేరు ఆమె నోట పలకదు. ఆ పూట నాగభూషణం గారు అక్కడే ఉన్నారు. ఫొటోలు లోపలికి పోయాక కూడా ఆయన రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుని పోయేవారు. ఆయనే చెప్పారు, పెంటయ్య అని. నలభై ఏళ్ళ కిందట తను తీసిన మనిషి పేరు ఆయనకి గుర్తుంది. వీరకాంతం ఆయన వైపు ఒకసారి చూసి, కొంగు నిండుగా కప్పుకుంది.

మార్కండేయులు గారు దరఖాస్తుని సానుభూతితో పరిశీలించారు. వెలుతురు తగలకూడదు, గాలిలో తేమ తగలకూడదు. కాబట్టి అల్మారా తలుపు తెరవకుండా చూడవచ్చునని అనుమతి రాశారు. ఆమెను రికార్డు గదిలోకి నేనే తీసుకెళ్ళాను. ఆమె అల్మారా ముందు నిలబడి స్టీలు తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇందులోనే ఉన్నాడాండి?"

ఉన్నాడన్నాను.

"గాలాడద్దా అండి లోపల?"

ఇరవై ఆరేళ్ళుగా అడిగిన ప్రతి ప్రశ్నకీ నేను ఏదో ఒక ఫైలులోంచి జవాబు తీసి ఇచ్చాను. దీనికి దొరకలేదు. ఆమెను పడవ దాకా దిగబెట్టి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. సంఘం మాట్లాడే భాష రెండేళ్ళుగా రాసీ రాసీ నాకూ వచ్చేసింది. ఆ భాషతో నేనేమైనా చేయగలనా అని మొదటిసారి ఆలోచించాను. కొత్త నోట్ ఫైలు తెరిచాను.

"అల్మారాలో భద్రపరచిన వస్తువు సంఖ్య 7 యందు 'ఐదుగురు పడవవారు' అని మాత్రమే నమోదై ఉన్నది. వారి పేర్లు లేవు. పేర్లు లేనందున, అల్మారాలో ఉన్న ఐదుగురు, విరాళముగా వచ్చిన ఐదుగురు ఒక్కరేనని ధ్రువీకరించుటకు ఆధారము లేదు. తనిఖీలో ఇది బయటపడినచో సంబంధిత అధికారి వ్యక్తిగతముగా బాధ్యులగుదురు. కావున సంబంధీకులను గుర్తింపు సాక్షులుగా పిలిపించి, వస్తువులను బయటకు తీసి, మామూలు వెలుతురులో, మామూలు కండ్లతో చూపించి, వాంగ్మూలములు నమోదు చేయవలసి యున్నది."

మార్కండేయులు గారు 'వ్యక్తిగతముగా' దాకా చదివి కలం తీశారు. మిగతాది సంతకం పెట్టాక చదివారు. ఇంత పెద్ద లోపం ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదే అని నా వైపు కృతజ్ఞతగా చూశారు. నాగభూషణం గారిని వస్తు పరిచయకర్తగా, మస్తాన్‌ని వస్తువుల్ని పట్టుకునే నిపుణుడిగా అదే నోట్‌లో వేయించుకున్నాను.

ఆ పై సోమవారం చింతావారి లంకకి మా ఆఫీసు ముద్రతో సమన్లు వెళ్ళాయి. వీరకాంతం ఉతికి ఆరేసిన తెల్లచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. పెళ్ళివారింటికి వచ్చినట్టుంది. రికార్డు గదిలో కిటికీ పక్కన బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచాం. మస్తాన్ రెండు చేతులతో ఏడో నంబరుని తెచ్చి దాని మీద పెట్టాడు. మధ్యలో గాజు లేదు, షీటు లేదు, ఏ ఫలకమూ లేదు.

నేను రిజిస్టరు తెరిచి, నియమం ప్రకారం, ఇందులో మీ మనిషి ఎవరని అడిగాను. ఆమె వినలేదు. వంగి చూస్తోంది. పెంటయ్య మధ్యలో ఉన్నాడు. గెడకర్ర భుజానికి ఆనించి, మూతి ముడిచి నవ్వాపుకుంటున్న కుర్రాడు. ఇప్పుడు ఆమె మనవడి వయసు.

"ఎంత చిన్నోడండి," అంది చివరికి.

ఎలా గుర్తుపట్టారన్నది రిజిస్టరులో నాలుగో గడి. అది కూడా అడిగాను. ఆమె వేలు ఫొటో మీదికి వెళ్ళి, తాకకుండా గాలిలో ఆగింది. ఆయన తలకి చుట్టుకున్న గుడ్డ మీద.

"ఇది నా పెళ్ళి చీర కొంగండి. ఇదిగో, చిలకల అంచు. కొంగు చింపేసి ఎవరట్టుకుపోయారో తెలీక ఇల్లంతా ఎతికాను." వేలు వెనక్కి తీసుకుంది. "మా తోటికోడలు తీసిందనుకున్నానండి. నలబయ్యేళ్ళయింది దాంతో మాటాడి."

నాగభూషణం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెప్పింది ఏమిటంటే, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని, ఆ కుర్రాడు తలగుడ్డని మూడుసార్లు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడని, కొత్త పెళ్ళాం చీర అని చెప్పి తక్కిన నలుగురూ వాణ్ణి ఏడిపిస్తున్నారని. ఫొటోలో ఆపుకుంటున్న నవ్వు దానిదేనట.

వీరకాంతం నవ్వింది. నవ్వుతూనే ఉండగా కన్నీటి బొట్టొకటి జారి ఫొటో అంచు మీద, రేవు నీళ్ళున్న చోట పడింది. మస్తాన్ చటుక్కున జేబురుమాలు కొసతో అద్దాడు. ముగ్గురూ నా వైపు చూశారు. రిజిస్టరులో తొమ్మిదో గడి, 'పరిశీలనలో వస్తువునకు కలిగిన నష్టము'. 'లేదు' అని రాశాను.

వెళ్ళేముందు ఆమె నా బల్ల దగ్గర ఆగింది. తోటికోడలు ఎర్రయమ్మని కూడా ఒకసారి తీసుకొచ్చి చూపించవచ్చా అని అడిగింది. తను చెబితే ఆవిడ నమ్మదని, అసలు తనతో పడవెక్కదని, సర్కారు కాగితం వస్తేనే కదులుతుందని చెప్పింది. ఆ సాయంత్రమే గుర్తింపు సాక్షి సంఖ్య 2కి సమన్లు టైపు చేశాను. మార్కండేయులు గారు ఆ రోజు సంతకం పెట్టిన నలభై కాగితాల్లో అది మధ్యలో ఉంది.

వారం తిరిగాక ఇద్దరూ వచ్చారు. ఒకే పడవలో, చెరో చివర కూర్చుని. ఎర్రయమ్మ చిన్నది, గట్టి మనిషి. ఫొటో మీదికి వంగి తలగుడ్డని చూసింది. అంచు చూసింది. తరవాత తలెత్తి వీరకాంతాన్ని అంతకంటే ఎక్కువసేపు చూసింది. నా వైపు తిరిగి, అదంతా పుస్తకంలో రాయమంది.

రాశాను. "వస్తువు సంఖ్య 7 నందలి తలగుడ్డ సాక్షి సంఖ్య 1 వారి పెండ్లి చీర కొంగు అయి ఉన్నది. సదరు కొంగును సాక్షి సంఖ్య 2 ఎన్నడును తీసి ఉండలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దాని కింద వీరకాంతం వేలిముద్ర వేసింది. డిప్యూటీ డైరెక్టర్ గారు ఆమోదించి సంతకం పెట్టారు.

ఎర్రయమ్మ దానికి నకలు అడిగింది. తీసి ఇచ్చాను. కాగితాన్ని వెనకాముందూ తిప్పి చూసి, గుండ్రటి ముద్ర కూడా వేయమంది. వేశాను.